మీకు తెలుసా? తెర బిగుసుకుపోయినా లినక్స్ నడుస్తూనే ఉండొచ్చు

ఉబుంటు లినక్స్ ఉన్న కంప్యూటర్‌లో మౌస్ కదలకపోతే చాలామంది చెయ్యి నేరుగా పవర్ బటన్ మీదికే వెళ్తుంది. తొందరపడకండి. చాలాసార్లు ఆగిపోయేది డెస్క్‌టాప్ ఒక్కటే, లోపల లినక్స్‌కు గుండెకాయ లాంటి కెర్నల్ పనిచేస్తూనే ఉంటుంది. కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 కలిపి నొక్కండి (కొన్ని ల్యాప్‌టాప్‌లలో ఎఫ్ఎన్ కూడా కలపాలి). నల్లటి తెర మీద లాగిన్ అడుగుతుంది. పాస్‌వర్డ్ కొడుతున్నప్పుడు చుక్కలు కూడా కనిపించవు, కీబోర్డు పాడైందనుకోవద్దు. లోపలికి వెళ్లాక ‘టాప్’ కమాండ్‌తో మెమరీని మింగేస్తున్న ప్రోగ్రామ్ ఏదో చూసి, దాన్నొక్కదాన్నే ఆపేయొచ్చు. డెస్క్‌టాప్‌ను మొత్తంగా రీస్టార్ట్ చేయడం ఆఖరి మార్గం. అలా చేస్తే సేవ్ చేయని పనంతా పోతుంది.

మళ్లీ డెస్క్‌టాప్‌కు రావడానికి ఇప్పటి ఉబుంటులో సాధారణంగా కంట్రోల్, ఆల్ట్, ఎఫ్2 నొక్కాలి. ఎఫ్1లో లాగిన్ తెర ఉంటుంది. పాత వెర్షన్లలో డెస్క్‌టాప్ ఎఫ్7లో ఉండేది, చాలామంది తికమకపడేది ఇక్కడే.

ఆ నల్లటి తెర మీద మీ తెలుగు ఫైళ్ల పేర్లు అర్థంకాని గుర్తులుగా కనిపిస్తే కంగారుపడకండి. దాని ఫాంటులో 512కు మించి అక్షర రూపాలు పట్టవు, ఒత్తులూ గుణింతాలూ కూర్చే ఏర్పాటు కూడా లేదు. ఫైళ్లు మాత్రం భద్రంగానే ఉంటాయి.