అద్దె తక్కువే, మరి ప్రయాణం లెక్క వేశారా?

బ్యోబ్లింగెన్ చుట్టుపక్కల గది వెతికేటప్పుడు మనవాళ్లు మొదట అడిగేది "అద్దె ఎంత?" అనే. కారు లేనివాళ్లు ఇంకో రెండు అడగాలి: స్టేషన్‌కి ఎంతసేపు నడవాలి? పొద్దున మొదటి రైలు ఎన్నింటికి? సైట్‌లో పని ఆరింటికో ఏడింటికో మొదలైతే, ఈ రెండో ప్రశ్నే ముఖ్యం.

ఇక్కడి నుంచి ఎస్ 1 రైలు ఒకవైపు స్టుట్‌గార్ట్‌కి, ఇంకోవైపు హెరెన్‌బెర్గ్‌కి వెళ్తుంది. ఎస్ 60 జిండెల్‌ఫింగెన్ మీదుగా రెన్నింగెన్ వైపు, ష్యోన్‌బుఖ్‌బాన్ హోల్ట్స్‌గెర్లింగెన్ మీదుగా డెట్టెన్‌హౌజెన్‌కి పోతాయి. డాయిచ్‌లాండ్‌టికెట్ ఉంటే వీటన్నిటికీ, సిటీ బస్సులకీ చాలు. 2026 జనవరి నుంచి దాని ధర నెలకు 63 యూరోలు. ఒక స్టేషనైనా ఆరు స్టేషన్లయినా అంతే. అందుకని కిలోమీటర్లు కాదు, రైలు దారి చూసుకోండి. టికెట్ మానేయాలంటే ఆ నెల 10వ తేదీలోగా రద్దు చేయాలి.

ఒక లెక్క చూద్దాం. పనికి నడిచి వెళ్లే గది 650 యూరోలు, రైలు దారిలో దూరపు గది 520 అనుకోండి. 520కి టికెట్ కలిపితే 583. మిగిలేది 67. కానీ రోజుకో గంట ప్రయాణమైతే, 22 పనిదినాలకు 22 గంటలు. అంటే గంటకు సుమారు 3 యూరోలు మిగిలినట్టు! 2026లో ఇక్కడి కనీస వేతనం గంటకు 13.90 యూరోలు. రోజూ రెండు మూడు ఇళ్లు తిరిగి పనిచేసేవారికి టికెట్ ఎలాగూ కావాలి. వాళ్లకి మిగిలేది 130. ఒకే యజమాని పంపితే, ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి వెళ్లే సమయం పని సమయమే. రాసి పెట్టుకోండి.

సంతకం పెట్టేముందు ఇవి చూడండి:

• చెప్పిన అద్దె కాల్ట్‌మీటెనా (ఖర్చులు కలపనిది), వార్మ్‌మీటెనా (హీటింగ్ వగైరా కలిపింది)? పోల్చేటప్పుడు వార్మ్‌మీటెనే పోల్చండి. కరెంటు బిల్లు వేరేమో అడగండి.

• డిపాజిట్ మూడు నెలల కాల్ట్‌మీటెకి మించకూడదు. దాన్ని మూడు వాయిదాల్లో కట్టే హక్కు మీకుంది.

• గదిలో దిగిన రెండు వారాల్లో చిరునామా నమోదు చేయించాలి. దానికి ఇంటి యజమాని వోనుంగ్స్‌గేబర్‌బెష్టేటిగుంగ్ అనే కాగితం ఇవ్వాలి. అది ఇవ్వనంటే ఆ గది ఎంత చవకైనా వద్దు.

• గది చూడకుండా డబ్బు పంపొద్దు.

యజమానే గది ఇచ్చి జీతంలో కోసుకుంటుంటే, ఎంత కోస్తున్నారో రాతపూర్వకంగా అడగండి. అనుమానం ఉంటే ఫెయిర్ ఇంటిగ్రేషన్ సలహా కేంద్రాన్ని సంప్రదించండి. అక్కడ సలహాకి డబ్బు తీసుకోరు.