టైల్స్ పైకి.. పైపు కిందికి!

పండుగకో, పెళ్లికో ఇంటికి సున్నాలు వేయించినప్పుడు మరుగుదొడ్డిలోనూ టైల్స్ పరిపించడం పల్లెల్లో మామూలైంది. 2014లో స్వచ్ఛభారత్ పథకం వచ్చాక చాలా ఇళ్లకు మరుగుదొడ్డి అమరింది. మోకాళ్ల నొప్పులతో గొంతుక్కూర్చోలేని పెద్దవాళ్ల కోసం కమోడ్లు పెట్టించుకున్న ఇళ్లూ ఉన్నాయి. అటువంటి ఇళ్లలో కొన్నింటికి కొత్త టైల్స్ ముచ్చట నెల తిరక్కుండానే తీరిపోతోంది. ఎంత కడిగినా దుర్వాసన పోదు. ఫినాయిల్ సీసాలు ఖాళీ అవుతాయి కానీ వాసన మాత్రం తగ్గదు.

అసలు లోపం నేల కింద ఉంటుంది. పాత గచ్చు తవ్వకుండా దానిపైనే సిమెంటు మాలు పోసి టైల్స్ అతికిస్తే నేల ఒకటిన్నర నుంచి రెండు అంగుళాల దాకా లేస్తుంది. కమోడ్ కూడా నేలతోపాటే పైకి వస్తుంది. మురుగు పోయే నాలుగంగుళాల పైపు మూతి మాత్రం పాత గచ్చు దగ్గరే ఉండిపోతుంది. కమోడ్ అడుగున ఉండే మెడ ఆ మూతిలోకి దిగితేనే మురుగు సక్రమంగా పోతుంది. మెడ అందకపోతే నీళ్లు పోసిన ప్రతిసారీ కొంత మురుగు సందులోంచి మాలులోకి ఇంకుతుంది.

కమోడ్ మొదట్లో తడి ఊరడం, టైల్స్ అతుకులు నల్లబడడం, పక్క గోడకు చెమ్మ ఎక్కడం, కూర్చుంటే కమోడ్ కదలడం.. ఇవీ గుర్తులు. ఆ తడిలో కాలు జారితే పెద్దవాళ్ల తుంటి ఎముకకే ప్రమాదం.

తప్పెవరిదని అడిగితే జవాబు దొరకదు. టైల్స్ వేసినవాడు అది ప్లంబర్ పని అంటాడు. ప్లంబర్ తాను వచ్చేసరికే నేల లేచిపోయిందంటాడు. ఇద్దరి మధ్యా ఇంటివారి డబ్బు నీళ్లపాలు.

చాలాచోట్ల సందులో సిమెంటు కూరి పని అయిందనిపిస్తారు. సిమెంటు ప్లాస్టిక్ పైపును గట్టిగా పట్టదు. కమోడ్ కాస్త కదిలినా పగులుతుంది. తర్వాత విప్పబోతే కమోడే పగిలిపోవచ్చు.

సరైన పద్ధతి కష్టమేమీ కాదు. కమోడ్‌ను విప్పి పక్కన పెట్టాలి. పెళ్లలు లోపల పడకుండా పైపు మూతిలో గుడ్డ కుక్కి, చుట్టూ మాలు కొద్దిగా చెక్కాలి. పైపు పైకొసకు కాలరు, దానిలో అదే కొలత పైపు ముక్క పెట్టి పైపు జిగురుతో అతికించాలి. కొత్త మూతి టైల్ మట్టానికి రావాలి. అంతకన్నా పైకి లేస్తే కమోడ్ నేలకు ఆనదు. గుడ్డ తీయడం మరిచిపోరాదు. కమోడ్ మెడకు రబ్బరు కనెక్టర్ తొడిగి మూతిలోకి దించాలి. నాలుగైదు బకెట్ల నీళ్లు పోసి, అడుగున తడి లేదని చూసుకున్నాకే స్క్రూలు బిగించాలి. అంచు చుట్టూ తెల్ల సిమెంటు పూసేటప్పుడు వెనుక వైపు వేలెడు ఖాళీ వదలడం మంచిది. మళ్లీ ఎప్పుడైనా కారితే నీరు అక్కడ కనబడుతుంది.

ఇంకా టైల్స్ వేయించని వారికి ఇది మరీ సులువు. మాలు కలపకముందే ప్లంబర్‌నూ, టైల్స్ మేస్త్రీనీ ఒకే రోజు పిలిపించి, కొత్త నేల ఎంత ఎత్తు వస్తుందో గోడ మీద గీత గీయించాలి. ఆ గీత దాకా పైపు లేపాకే టైల్స్ మొదలుపెట్టించాలి. ఆ రోజు ఖర్చు పైపు ముక్క, కాలరు, కాస్త జిగురు. ఆలస్యమైతే ఆ ఖర్చుతోపాటు మళ్లీ కూలీ, పగిలిన టైల్స్, పని పూర్తయ్యే దాకా ముసలివారి అవస్థ!