మంచుపై విజేత

ఉక్కు పలకలు బిగించిన బూట్లతో మంచుగడ్డపై జారుతూ విన్యాసాలు చేయడాన్ని 'ఫిగర్ స్కేటింగ్' అంటారు. 1902లో ఇంగ్లండు వనిత మాడ్జ్ సయర్స్ పురుషులతో తలపడి, ప్రపంచ పోటీలలో రెండవ స్థానం పొందింది. స్త్రీలు పాల్గొనరాదన్న నియమం అప్పటికి లేదు. ఆ తరువాత నిర్వాహకులు ఆ నియమం పెట్టారు. చివరకు 1906లో స్త్రీలకు వేరుగా పోటీలు ప్రారంభించారు.

ఆ మొదటి పోటీలో హంగరీ యువతి లిలీ క్రోన్‌బెర్గర్ మూడవ స్థానంలో నిలిచింది. మరుసటి ఏడాదీ మూడవ స్థానమే దక్కింది. అయినా ఆమె పట్టు విడవలేదు. 1908 నుండి 1911 వరకు వరుసగా నాలుగుసార్లు ప్రథమ స్థానం సాధించింది. 1911లో వియన్నాకు సైనిక బ్యాండును వెంట తీసుకువెళ్ళి, సంగీతానికి అనుగుణంగా విన్యాసాలు చేసింది.

తరువాతి మూడేళ్ళూ ఓపికా హోర్వాత్ అనే మరో హంగరీ యువతి విజేత అయింది. ఒకప్పుడు స్త్రీలకు మూసిన ద్వారం అలా తెరుచుకుంది.