సంపద గనులలో ఉందా, శ్రమలో ఉందా?

హిజ్రీ 779 (క్రీ.శ. 1377)లో పూర్తయిన 'ముఖద్దిమ'లో ఇబ్నె ఖల్దూన్ ఒక లోకాభిప్రాయాన్ని విమర్శించాడు. ఈజిప్టు, సిరియా, హిందూ దేశం, చైనా మొదలైన తూర్పు దేశాల ఐశ్వర్యాన్ని గురించి విన్న మగ్రిబ్ ప్రజలు, అక్కడ వెండి బంగారు గనులు విస్తారమనీ, లేదా ప్రాచీన జాతుల నిధి నిక్షేపాలు వారికి దక్కాయనీ భావించేవారు. జ్యోతిష్కులైతే గ్రహబలమన్నారు. ఆయన సమాధానం బహు సరళమైనది. తెలిసిన బంగారు గనులు సహారాకు దక్షిణాన సూడాన్ సీమలో ఉన్నాయి; ఆ సీమ మగ్రిబుకే చేరువ. పైగా తూర్పువారి వద్ద ధనం ముందే కుప్పలుగా ఉంటే, లాభం కోసం సరుకులు పరదేశాలకు ఎందుకు పంపుతారు? జనసమృద్ధి, దానివల్ల కలిగే శ్రమసమృద్ధి – సంపదకు మూలం ఇవేనని ఆయన నిర్ణయం.

ఆధునిక అర్థశాస్త్రజ్ఞులు ఇదే ప్రశ్నను అంకెలతో వేస్తున్నారు. మొదటి చిక్కు కొలతలోనే ఉంది. ఒక దేశపు ఉత్పత్తిని మారకపు రేటు చొప్పున డాలర్లలోకి మార్చితే, పేద దేశం ఉన్నదానికంటే పేదగా కనిపిస్తుంది. హైదరాబాదులో క్షవరానికి ఇచ్చే సొమ్ము న్యూయార్కులో ఇచ్చేదానిలో చిన్న భాగమే. పని మాత్రం ఒకటే. అందుచేత 1968లో ఐక్యరాజ్యసమితి, పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం కలిసి వివిధ దేశాల ధరలను పోల్చి, కొనుగోలు శక్తిని బట్టి లెక్కించే పథకాన్ని ఆరంభించాయి.

కొలత కుదిరాక కారణం వెతకాలి. 1909–49 మధ్య అమెరికాలో గంట శ్రమకు వచ్చే ఉత్పత్తి సుమారు రెట్టింపయిందనీ, ఆ పెరుగుదలలో యంత్రాలు మొదలైన మూలధనం వాటా ఎనిమిదో వంతేననీ 1957లో రాబర్ట్ సోలో చూపాడు. మిగిలిన ఏడు వంతులకు లెక్కలో వేరే పద్దు లేదు. ఆ శేషాన్నే ఉత్పాదకత అంటున్నారు. మన అజ్ఞానానికి ఇదొక కొలమానమని మోజెస్ అబ్రమోవిట్జ్ 1956లోనే అన్నాడు. ఆ మాటే ఎక్కువ నిజాయితీగా ఉంది.

ఈ పద్ధతినే దేశాల మధ్య పోలికకు వాడి, రాబర్ట్ హాల్, చార్లెస్ జోన్స్ 1999లో 127 దేశాలను పరిశీలించారు. 1988లో అమెరికా కార్మికుని సగటు ఉత్పత్తి నైజర్ కార్మికుని ఉత్పత్తికి 35 రెట్లకు పైగా ఉంది. ఇందులో మూలధనం వల్ల కలిగిన తేడా 1.5 రెట్లు, విద్య వల్ల 3.1 రెట్లు, శేషం 7.7 రెట్లు. వీటిని హెచ్చించితే మొత్తం తేడా వస్తుంది. అంటే పెద్ద భాగం మళ్ళీ ఆ పేరు లేని శేషమే.

ఈ 7.7ను నైజర్ కార్మికుని సోమరితనంగా చదివేవారున్నారు. అది అన్యాయం. చట్టం, పాలన, ఆస్తికి రక్షణ వంటి సామాజిక ఏర్పాట్లలోనే దీని మూలం వెతకాలని ఆ పరిశోధకుల వాదం. కొలతలలో దొర్లిన పొరపాట్లు కూడా ఈ శేషంలోనే చేరతాయన్నది మరువరాదు. కరీంనగర్ నుండి గల్ఫుకు వెళ్ళిన తాపీ మేస్త్రీ ఓడరేవులోనో విమానంలోనో కొత్త పని నేర్చుకోలేదు. చేతులు అవే, కూలి మాత్రం మారింది.

అయితే గల్ఫు కూలి వెనుక చమురు కూడా ఉంది. ఇక్కడే ఇబ్నె ఖల్దూన్ ఎదుర్కొన్న గనుల ప్రశ్న తిరిగి వస్తుంది. భూమి నుండి తోడిన చమురు విలువ జాతీయోత్పత్తిలో చేరుతుంది. భూమిలో తరిగిన నిల్వ మాత్రం ఖర్చు పద్దులో కనిపించదు. ఫలితంగా చమురు విలువంతా కార్మికుని నైపుణ్యంగా లెక్కకు వస్తుంది. అందుకే హాల్, జోన్స్ గనుల ఆదాయాన్ని ముందుగానే తీసివేశారు. అలా తీసివేయకుంటే ఒమాన్, సౌదీ అరేబియా ఉత్పాదకతలో ప్రపంచపు అగ్రశ్రేణిలో నిలిచేవని వారే రాశారు.

2025లో ఐక్యరాజ్యసమితి గణాంక సంఘం ఆమోదించిన జాతీయ ఆదాయ లెక్కల విధానంలో సహజ వనరుల తరుగుదలను ఉత్పత్తి ఖర్చుగా చూపాలన్నారు. అయితే ఇది నికర ఉత్పత్తికే వర్తిస్తుంది. పత్రికలలో వచ్చే స్థూల ఉత్పత్తి అంకెలో గని తరుగు ఇప్పటికీ కనబడదు.