దారి చెప్పే చేతికర్ర

చూపు లేనివారు తెల్లని చేతికర్రతో నేలను తడుముకుంటూ నడవడం మీరు చూసే ఉంటారు. ముందు అడుగు పడబోయే చోట గుంట ఉందో, మెట్టు ఉందో, రాయి ఉందో ఆ కర్ర కొన తెలియజేస్తుంది. ఇంగ్లండులోని బ్రిస్టల్ నగరంలో జేమ్స్ బిగ్స్ అనే ఫొటోగ్రాఫరు ఒక ప్రమాదంలో చూపు కోల్పోయాడు. వాహనాలు నడిపేవారి కంటికి ఆనాలని 1921లో ఆయన తన కర్రకు తెల్లరంగు వేసుకున్నాడు. తెల్లకర్ర వాడుక అలా మొదలైందని చెబుతారు.

అయితే ఈ కర్రకు తెలిసింది నేల మాత్రమే. మోకాలికి పైన ఉన్నవి దానికి అందవు. మీ వీధిలో అటువంటివి ఎన్ని ఉన్నాయో ఒకసారి గమనించండి. వంగిన చెట్టుకొమ్మ, తెరిచి ఉన్న కిటికీ రెక్క, ఆగి ఉన్న లారీ వెనుక భాగం, దుకాణం ముందు వేలాడే బోర్డు. కర్ర వీటి కిందినుంచి సాగిపోతుంది. దెబ్బ తగిలేది తలకు, ముఖానికి. ఇలా ఒకటి రెండుసార్లు గాయపడినవారు ఒంటరిగా గడప దాటడానికే జంకుతారు.

ఈ లోటు తీర్చే ఉపాయం గబ్బిలం దగ్గర ఉంది. అది చీకటిలో మన చెవికి వినిపించని ధ్వనులు చేస్తుంది. అవి ఎదుటి వస్తువుకు తగిలి తిరిగి వచ్చే ప్రతిధ్వనినిబట్టి దారి తెలుసుకుంటుంది. సెకనుకు 20,000 కంటె ఎక్కువ కంపనాలు గల ఇటువంటి ధ్వనులను అతిధ్వనులు అంటారు. ఢిల్లీ ఐ.ఐ.టి.లో ఆచార్య ఎం. బాలకృష్ణన్, ఆయన విద్యార్థులు ఈ సూత్రంతోనే ‘స్మార్ట్‌కేన్’ అనే పరికరాన్ని రూపొందించారు. ఢిల్లీలోని సక్షమ్ సంస్థ, చెన్నైలోని ఫీనిక్స్ మెడికల్ సిస్టమ్స్ వారి తోడ్పాటుతో అది 2014లో వాడుకలోకి వచ్చింది.

ఈ పరికరం తెల్లకర్ర పైభాగాన పిడిలాగా అమరుతుంది. అందులోని సెన్సరు అతిధ్వనులను ముందుకు పంపి, ప్రతిధ్వనిని అందుకుంటుంది. గాలిలో ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. ప్రతిధ్వని సెకనులో నూరోవంతు కాలంలో తిరిగి వచ్చిందనుకోండి. ఆ కాలంలో ధ్వని నడిచిన దూరం 3.4 మీటర్లు. అందులో సగం పోవడానికి, సగం రావడానికి. అంటే అడ్డంకి 1.7 మీటర్ల దూరంలో ఉందన్నమాట. ఈ లెక్కను పరికరమే వేసుకుంటుంది.

ఆ సంగతిని మనిషికి ఎలా తెలపాలి? ఈల వేసి చెప్పవచ్చు గదా అని మీకు తోచవచ్చు. కాని వీధిలో చూపు లేనివారికి చెవులే పెద్ద ఆధారం. వచ్చే బస్సు చప్పుడు, పక్కవారి అడుగుల సవ్వడి, ఏ మూల మలుపు తిరగాలో చెప్పే పిండిమర హోరు, ఇవన్నీ వింటూ వారు నడుస్తారు. వాటిమీద మరో మోత పెట్టడం మేలు కాదు. అందుకే ఈ పిడి చేతిలోనే కంపిస్తుంది. అడ్డంకి దగ్గరయ్యేకొద్దీ కంపనం తీరు మారుతుంది. ఆరుబయట 3 మీటర్ల వరకు, ఇంటిలోపల 1.8 మీటర్ల వరకు ఉన్నవాటిని కనిపెట్టేలా దానిని మార్చుకోవచ్చు. గదిలో కూడా అంత దూరం పెడితే ఏ గోడవైపు తిరిగినా చేయి అదురుతూనే ఉంటుంది మరి!

మోకాలినుంచి తల ఎత్తువరకు ఉన్న వాటినే ఈ సెన్సరు పసిగడుతుంది. కాలికింది గుంట సంగతి దానికి తెలియదు, అది కర్ర కొన చేయవలసిన పనే. కనుక దీనిని తెల్లకర్రకు బదులుగా కాక, తెల్లకర్రమీదనే బిగించారు. కర్రతో నడవడం వచ్చినవారు కూడా ఏ కంపనానికి ఎంత దూరమో చేతికి పట్టుబడేదాకా కొన్నాళ్ళు సాధన చేయవలసి ఉంటుంది.