బొద్దింకకు ముకుతాడు

2025 మార్చి 28న మయన్మార్‌ను 7.7 తీవ్రతతో భూకంపం కుదిపేసింది. సింగపూర్ నుంచి వెళ్లిన సహాయ బృందం తనతో పాటు పది బొద్దింకలను కూడా తీసుకెళ్లింది. ఒక్కోదాని వీపు మీద ఓ చిన్న ఎలక్ట్రానిక్ మూట ఉంది. నేపిడాలో కూలిన భవనాల కింద వాటిని వదిలారు. ప్రాణాలతో ఉన్నవాళ్లను అవి కనిపెట్టినట్టు వార్త రాలేదు. అయినా విపత్తు స్థలంలో ఇలాంటి 'సైబోర్గ్' పురుగులు పనిలోకి దిగడం అదే మొదటిసారి.

ఈ యంత్రంలో సగమే మనిషి చేసింది. తక్కిన సగం మడగాస్కర్ అడవిది. ఈ బొద్దింక శాస్త్రీయ నామం గ్రోమ్ఫడోరైనా పోర్టెంటోసా. మన వంటింటి బొద్దింకలా ఇది పరుగులు తీయదు, ఎగరదు. రెక్కలే లేవు. పొడవు రెండు మూడు అంగుళాలు. రాలిన పండ్లు తింటూ, కుళ్లిన దుంగల సందుల్లో కాలక్షేపం చేస్తుంది. మగదానికి తల వెనక పెంకు మీద రెండు బొడిపెలుంటాయి. మగవి ఎదురుపడితే వాటితోనే ఢీకొంటాయి, బుసలు కొడతాయి కూడా. కీచురాయి రెక్కలు రాసి శబ్దం చేస్తుంది. ఇది మాత్రం పొట్ట పక్కనున్న ఒక జత శ్వాసరంధ్రాల్లోంచి గాలిని బలంగా తోసి బుస్సుమంటుంది. బెదిరించడానికి ఒక బుస, పోట్లాటకు ఒకటి, ఆడదాన్ని రప్పించడానికి ఇంకొకటి. ఆడది గుడ్ల సంచిని కడుపులోనే దాచుకుని, సుమారు రెండు నెలలకు పిల్లలను బయటికి వదులుతుంది. ఆయుష్షు రెండు నుంచి ఐదేళ్లు.

ఇంజినీర్లకు ఇంతకంటే ఏం కావాలి? పెద్ద ఒళ్లు, రెక్కల అడ్డం లేని వీపు, నెమ్మదైన నడక, పురుగుల లెక్కలో దీర్ఘాయుష్షు.

బొద్దింకను తోలే ప్రయత్నం మయన్మార్ భూకంపానికి చాలా ముందే మొదలైంది. 1997లో టోక్యో విశ్వవిద్యాలయంలో హోల్జర్, షిమోయామా అమెరికన్ బొద్దింక మీద ప్రయోగం చేశారు. 2012లో నార్త్ కరొలైనా స్టేట్ యూనివర్సిటీలో లతీఫ్, బోజ్‌కర్ట్ ఈ మడగాస్కర్ జాతినే వంకర గీత వెంట నడిపించారు. కిటుకు చిన్నదే. ఎడమ మీసంలో సన్నటి కరెంటు పెడితే, అటు గోడ ఉందనుకుని పురుగు కుడికి తిరుగుతుంది. తోక దగ్గరున్న ముళ్లలాంటి అవయవాలకు కరెంటు తగిలిస్తే, వెనక ఎవరో తరుముతున్నారనుకుని ముందుకు పోతుంది. ముకుతాడు మనది, నడక దానిది. అసలు తెలివంతా ఇక్కడే ఉంది. ఇంత చిన్న రోబోకు కాళ్లు, మోటార్లు పెడితే బ్యాటరీ ఇట్టే ఖాళీ అవుతుంది. ఇక్కడ కాళ్లకు కావలసిన శక్తి బొద్దింక తిన్న తిండిలోంచే వస్తుంది. దారి చూపడానికి మాత్రమే విద్యుత్తు.

ఆ కాస్త విద్యుత్తు కోసం 2022లో జపాన్ రికెన్ సంస్థలో కెంజిరో ఫుకుడా బృందం 4 మైక్రాన్ల మందం ఉన్న సోలార్ పొరను దాని పొట్ట మీద అతికించింది. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. పూర్తిగా అంటిస్తే పొట్ట మడత పడక నడక చెడుతుంది. అందుకే మధ్యమధ్య జిగురు లేకుండా వదిలారు. సింగపూర్‌లోని నాన్యాంగ్ విశ్వవిద్యాలయంలో హిరోతకా సాతో బృందం మీసాల జోలికి పోకుండా, మెడ పెంకు కింది పలుచటి పొరలో ఎలక్ట్రోడ్లు గుచ్చే రోబో చేతిని తయారుచేసింది. పురుగును మత్తులో ఉంచి, 68 సెకన్లలో పని ముగిస్తుంది.

చిక్కులూ ఉన్నాయి. అదే కరెంటు పదేపదే తగిలితే బొద్దింక దానికి అలవాటుపడి లెక్కచేయడం మానేస్తుంది. పురుగులకు నొప్పి తెలుస్తుందా అన్నదీ ఇంకా తేలలేదు. 2013లో అమెరికాలో ఓ సంస్థ, బొద్దింక మీసాలు కత్తిరించి తీగలు దూర్చి ఫోనుతో నడిపే కిట్‌ను విద్యార్థుల కోసమని అమ్మకానికి పెట్టింది. విమర్శలు వచ్చాయి, రావాల్సిందే. శిథిలాల కింద మనిషి కోసం వెతకడానికైతే ఈ ముకుతాడుకు నేను ఒప్పుకుంటాను. ఆటకైతే ఒప్పుకోను.