కొలువు ఇంట, కాపురము ఎచ్చట?



ఇంటనుండియే కొలువు చేయు మన బిడ్డలు ఏ యూర కాపురముండుట మేలు? ఆ యూరి నెన్నుకొనునపుడు పన్నుల నెట్లు లెక్కింపవలెను, సౌకర్యముల నెట్లు తూచవలెను? ఇది నేటి నా ప్రసంగ విషయము.

మన యౌవనమున ఈ ప్రశ్నయే లేదు. కచేరి యెచ్చటనో కాపురమును అచ్చటనే. 2020వ సంవత్సరము మార్చి నెలలో కరోనా వ్యాధి కారణముగా దేశమంతట రాకపోకలు నిలిచినపుడు, కంప్యూటరు కంపెనీలు తమ యుద్యోగులను ఇంటనుండియే పనిచేయుడని చెప్పినవి. వ్యాధి తగ్గిన పిమ్మట పెక్కు కంపెనీలు వారిని మరల కచేరికి పిలిచినవి. కాని కొందఱకు ఆ వెసులుబాటు నేటికిని నిలిచియున్నది. జీత మొకచోటినుండి వచ్చును. మనిషి మఱియొకచోట నుండవచ్చును.

అట్టివారి తలిదండ్రులు నన్ను తఱచుగా నడుగు మాట యొకటి కలదు. "ఫలాన పట్టణమున పన్ను తక్కువట. మావాడు పొలమమ్మి అచ్చట ఇల్లు కొందమనుచున్నాడు. మీ రేమందురు?" పొలమమ్ముట సులభము, మరల కొనుట దుర్లభము. కాబట్టి ఆ "పన్ను తక్కువట" యను మాటలో గింజ యెంత, పొట్టెంత యని చెఱిగి చూడవలసియున్నది.

మొదట మన దేశపు లెక్క. ఆదాయపు పన్ను కేంద్ర ప్రభుత్వము విధించునది. జీతముమీద దాని రేటు హైదరాబాదున నెంతయో విశాఖపట్టణమునను అంతే. మీ పల్లెలోను అంతే. 2017 జులై 1వ తేదీనుండి అమలులోనున్న వస్తు సేవల పన్నును అట్టిదే. ఒక వస్తువుమీద ఆ పన్ను రేటు దేశమంతట నొక్కటే. రాష్ట్రమును బట్టి మారునవి వృత్తిపన్ను, పెట్రోలు డీసెలులమీది పన్ను, వాహనపు పన్ను, ఇల్లు కొనునపుడు చెల్లించు స్టాంపు సుంకము. ఊరిని బట్టి మారునది ఇంటిపన్ను.

వీనిలో జీతగానికి ప్రతినెల కనబడునది వృత్తిపన్ను. రాజ్యాంగములోని 276వ అధికరణము ఈ పన్నునకు మనిషికి ఏడాదికి 2,500 రూపాయలు మించరాదని హద్దు పెట్టినది. 1988 నాటి సవరణకు ముందు ఆ హద్దు 250 రూపాయలే. తెలంగాణమునను ఆంధ్రప్రదేశమునను నెలకు 20,000 రూపాయలకు మించిన జీతముగలవాడు నెలకు 200 చొప్పున ఏడాదికి 2,400 రూపాయలు చెల్లించును. ఢిల్లీ, హర్యానా, రాజస్థాన్, ఉత్తరప్రదేశములలో ఈ పన్ను లేదు. అందుచేత అచ్చటికి పోవుట లాభమా? అచ్చట ఇంటియద్దె నెలకు 10,000 రూపాయలు హెచ్చుగా నున్నదనుకొందము. ఏడాదికి 1,20,000 రూపాయలు. అనగా మిగిలిన దానికి ఏబది రెట్లు పోయినవన్నమాట. గోరంత పన్ను తప్పించుకొనబోయి కొండంత యద్దె నెత్తి కెత్తుకొనుట వివేకము కాదు. అంతేకాదు, ఒక రాష్ట్రపు బండిని మఱియొక రాష్ట్రమున పండ్రెండు నెలలకు మించి యుంచుకొన్నచో, మోటారు వాహనముల చట్టము ననుసరించి సాధారణముగా అచ్చట మరల నమోదు చేయింపవలెను. ఆ రాష్ట్రపు వాహనపన్నును అప్పుడు లెక్కకు వచ్చును.

కాబట్టి మన దేశమున పన్ను కొఱకు ఊరు మారుట యను మాటలో పొట్టే యెక్కువ.

మన బిడ్డలు పలువు రమెరికాలో నున్నారు. అచ్చటి సంగతి వేఱు. అచ్చట కేంద్రపు ఆదాయపు పన్ను దేశమంతట నొక్కటే యైనను, దానిపైన పెక్కు రాష్ట్రములు తమ యాదాయపు పన్నును వేఱుగా విధించును. కాలిఫోర్నియాలో మిక్కిలి హెచ్చు ఆదాయములమీద అది నూటికి 13.3 వఱకు పోవును. మన తెలుగువారు విస్తారముగానున్న డల్లాసు నగరము టెక్సాసు రాష్ట్రములోనిది. అచ్చట జీతముమీద రాష్ట్రపు పన్ను లేదు. 2019లో ప్రజల యోటు చొప్పున అట్టి పన్నును రాజ్యాంగమునందే నిషేధించిరి. ఈ మాట విని "అటులైన అందఱు డల్లాసు పోవచ్చునే" యని తోచును.

కాని ప్రభుత్వమునకు ఖర్చు తప్పదు గదా! ఒక చేత తీసికొననిది మఱియొక చేత తీసికొనును. టెక్సాసులో ఇంటిపన్ను భారము హెచ్చు. కొనుగోళ్లమీద రాష్ట్రపు పన్ను నూటికి 6.25; స్థానిక సంస్థలు దానిపై మఱి 2 వఱకు చేర్చుకొనవచ్చును. ఒక్క యుదాహరణము చెప్పెదను. అంకెలు లెక్క కొఱకు నేననుకొన్నవి. లక్ష డాలర్ల జీతముమీద నూటికి 5 చొప్పున పన్ను తప్పినచో 5,000 డాలర్లు మిగులును. నాలుగు లక్షల డాలర్ల యింటిమీద పన్ను పాతయూర నూటికి ఒకటి, క్రొత్తయూర నూటికి రెండు అయినచో, 4,000 డాలర్లు అదనముగా పోవును. చేతికి దక్కినది వేయి డాలర్లే. అద్దెయిల్లైనను భేదము లేదు. యజమాని తన పన్నును అద్దెలో కలుపుకొనును. అయితే ఆ యింటిపన్నులో పెద్దభాగము అచ్చటి పాఠశాలలకే పోవును. బడియీడు పిల్లలున్న కుటుంబమునకు అది తిరిగివచ్చు ధనము.

కొలువు ఇంట జరుగునపుడు పన్ను ఏ రాష్ట్రమునకు చెందవలెనను చిక్కును కలదు. కొలంబియా నదికి ఒక యొడ్డున ఒరెగాను రాష్ట్రపు పోర్ట్‌లాండు, ఎదుటి యొడ్డున వాషింగ్టను రాష్ట్రపు వాంకూవరు పట్టణము ఉన్నవి. వాషింగ్టనులో జీతముపై రాష్ట్రపు పన్ను లేదు, ఒరెగానులో నున్నది. వాంకూవరువాడు నది దాటి పోర్ట్‌లాండులో పనిచేసిన దినముల జీతముపై ఒరెగానుకు పన్ను కట్టవలెను. తన యింటనే కూర్చుండి పనిచేసిన దినములకు అక్కఱలేదు. న్యూయార్కు పద్ధతి దీనికి విరుద్ధము. అచ్చటి కంపెనీ యుద్యోగి, కంపెనీ యవసరముచేత గాక తన సౌకర్యము కొఱకు పొరుగు రాష్ట్రమున ఇంట పనిచేసినను, ఆ జీతము న్యూయార్కులో నార్జించినదిగానే ఎంచబడును. కాబట్టి అచ్చటి బిడ్డ లడుగవలసిన మొదటి ప్రశ్న, "నే నుండు రాష్ట్రమున పన్నెంత?" అనునది కాదు. "నా కంపెనీ యున్న రాష్ట్రము నన్ను విడిచిపెట్టునా?" అనునది.

కొన్ని యూళ్లు ఇట్టి యుద్యోగులను ధనమిచ్చి పిలుచుటయు కలదు. ఓక్లహోమా రాష్ట్రములోని టల్సా నగరమునకు వచ్చి ఏడాది నివసించు అర్హులకు 10,000 డాలర్లిచ్చు పథకము 2018లో ఆరంభమైనది. అది మంచిదే. కాని కట్నము ఒక్కసారియే వచ్చును, కాపురము నిత్యము చేయవలెను.

ఇక సౌకర్యముల సంగతి. పన్ను కాగితముమీద కనబడును. సౌకర్యములేమి మాత్రము అనుభవమునందుగాని కనబడదు. పన్ను చేయవలసిన పని జరుగనిచోట, ఆ పనిని మనమే మన సంచినుండి చేయించుకొనవలెను. దానిని నేను రసీదులేని పన్ను అందును.

మొదటిది నీరు. బెంగుళూరునకు కావేరినీటిని సుమారు 100 కిలోమీటర్ల దూరమునుండి యంత్రములతో ఎత్తి తెచ్చుచున్నారు. 2024 వేసవిలో అచ్చట పెక్కు పేటలలో బోరుబావు లెండి, ప్రజలు ట్యాంకరు నీటిని కొనుక్కొనవలసివచ్చినది. ఆ సొమ్ము ఏ పన్నుల పట్టికలోను ఉండదు.

రెండవది విద్యుత్తు, ఇంటర్నెట్టు. ఇంటనుండి కొలువు చేయువానికి ఇవి రైతునకు కాలువవంటివి. 2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమును తాకినపుడు కరెంటును టెలిఫోనులును దినములతరబడి లేవు. పిమ్మట ఆ నగరమున కొన్ని భాగములలో విద్యుత్తు తీగలను భూమిలో వేసిరి. సర్కారు సొమ్ము సద్వినియోగమైనచో కలుగు మేలు అట్టిది. మఱియొక సంగతి. న్యూయార్కులో ఉదయము తొమ్మిది గంటలైనపుడు మనకు వేసవిలో సాయంకాలము ఆఱున్నర, చలికాలమున ఏడున్నర. అమెరికావారితో పనిచేయువానికి రాత్రియే పగలు. కాబట్టి రాత్రి కరెంటు నిలుచునా, పగలు నిద్రకు నిశ్శబ్దము దొరకునా యని యడుగవలెను.

మూడవది వైద్యము, చదువు. జీతము వచ్చు బిడ్డకు కావలసినవి వేఱు, వానితో నుండబోవు మనకు కావలసినవి వేఱు. అర్ధరాత్రి గుండెనొప్పి వచ్చినచో ఆసుపత్రి కెంతసేపటికి చేరుదుము? మనుమనికి బడి యెంత దూరము? మన మోకాళ్లను కూడ లెక్కలో చేర్చుకొనవలెను.

"మా పల్లెకే రానిండు, అద్దెయు లేదు" అందురా? ఆలోచింపదగినదే. గ్రామపంచాయతులకు ఇంటర్నెట్టు తీగలు చేర్చు ప్రయత్నమునకు కేంద్ర ప్రభుత్వము 2011లోనే పూనుకొన్నది. కాని పంచాయతి కచేరికి తీగ వచ్చుట వేఱు, మీ యింటిలో అది రాత్రి పదిగంటలకు తెగక పనిచేయుట వేఱు. నెల దినములు పరీక్షించి చూచుకొనుడు. కోడలి యుద్యోగమును అడిగి తెలిసికొనుడు, ఆమెకును కొలువుండవచ్చును.

చివరకు నేను చెప్పు పద్ధతి యిది. ఒక కాగితముమీద రెండు వరుసలు గీయుడు. మొదటి వరుసలో ఊరు మారినందువలన నిజముగా మారు పన్నులను మాత్రమే వ్రాయుడు. రెండవ వరుసలో అద్దె, నీరు, కరెంటు, బడి, వైద్యము, రాకపోకల ఖర్చు వ్రాయుడు. రెంటిని ఏడాదికి కట్టి కూడుడు. మన దేశమున రెండవ వరుసయే బరువుగా దేలుట మీరే చూతురు. దాని క్రింద మఱియొక ప్రశ్న వ్రాయుడు: కంపెనీ రేపు కచేరికి రమ్మన్నచో, ఆ యూర బ్రదుకు సాగునా?

అన్నిటికి సమాధానము బాగున్నను వెంటనే ఇల్లు కొనవలదు. స్టాంపు సుంకము ఒకసారి కట్టినచో తిరిగిరాదు. ఒక యేడు అద్దెయింట నుండి, ఒక వేసవిని ఒక వర్షకాలమును అచ్చట గడపి చూడుమని బిడ్డకు చెప్పుడు. అంతవఱకు పొలము పట్టా పెట్టెలోనే యుండనిండు.